చిన్న పందెం, పెద్ద దూకుడు

(రోగుల కుటుంబసభ్యుల ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఇక్కడికి వచ్చారు. లోపల మంచం మీద మన మనిషి, బయట మనం. నిద్ర పట్టదు. మాట్లాడుకోవడానికి మనిషి ఉండడు. చేతిలో ఫోన్ ఉంటుంది. ఆపరేషన్ కోసం చుట్టాల దగ్గర పోగుచేసుకున్న డబ్బు కూడా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. అలాంటి సమయంలో స్నేహితుడు పంపిన లింకు నొక్కి కాసేపు పేకాట ఆడుకుందామని ఎవరికైనా అనిపిస్తే అందులో వింత లేదు. "ఎంతలే, రూపాయి రెండు రూపాయల ఆటే కదా" అని కూడా అనిపిస్తుంది. ఈ రోజు నేను ఆ రూపాయి రెండు రూపాయల ఆట గురించే నాలుగు మాటలు చెబుతాను.

షుగరు, బి.పి., గుండె జబ్బుల గురించి చెప్పవలసిన చోట పేకాట సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. డబ్బు పందెపు ఆట మానలేకపోవడం వైద్యశాస్త్రం గుర్తించిన ఒక జబ్బు. అయితే ఈ జబ్బు ఉన్నవారు "నాకు పేకాట జబ్బు ఉంది" అంటూ ఆసుపత్రికి రారు. నిద్ర పట్టడం లేదనో, కడుపులో మంట అనో, గుండె దడ అనో వస్తారు. కొందరు పురుగుల మందు తాగిన తరువాత, స్పృహ లేని స్థితిలో వస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ప్రయోజనం లేదు. ఇంట్లో వాళ్ళే ముందుగా గుర్తుపట్టాలి. అందుకు ఆ ఆట ఎలా పనిచేస్తుందో మీకు కొంచెం తెలిసి ఉండాలి.

పోకర్ అంటే ఏమిటి?

రమ్మీ మీ అందరికీ తెలుసు. పోకర్‌లో రమ్మీలాగా వరసలు కలపడం ఉండదు. ఎక్కువమంది ఆడే పద్ధతి పేరు టెక్సాస్ హోల్డెమ్. అందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. ఈ ఏడింటిలో మేలైన ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. ముక్కలు తెరవక ముందు ఒకసారి, తెరిచిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగు సార్లు పందెం నడుస్తుంది. ఎవరైనా పందెం వేస్తే మిగతా వారికి మూడే దారులు. ముక్కలు పడేయడం, వాళ్ళు వేసినంతే వేయడం, లేదా దానిమీద పెంచడం.

డబ్బు పెట్టి ఈ ఆటను ఇంటర్నెట్‌లో ఆడడం 1998లో మొదలైంది. 2003లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, ఆన్‌లైన్‌లో 86 డాలర్ల చిన్న పోటీ గెలిచి, దాని ద్వారా లాస్ వేగాస్‌లో జరిగే ప్రపంచ పోకర్ పోటీకి వెళ్ళి, 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ సంవత్సరం ఆ పోటీలో ఆడినవారు 839 మంది. మూడేళ్ళ తరువాత, 2006లో, అదే పోటీకి 8,773 మంది వచ్చారు. చిన్న పందెంతో మొదలుపెట్టి కోటీశ్వరుడు కావచ్చన్న ఆశ అలా లోకమంతా పాకింది. మొదటి ఏడు ఓడిపోయిన 838 మంది పేర్లు ఎవరూ అడగలేదు.

దూకుడు ఆట

కొత్తగా నేర్చుకునేవారికి పుస్తకాలూ వీడియోలూ మొట్టమొదట చెప్పే పాఠం ఒకటి ఉంది. "మెతకగా ఆడకు. ఎదుటివాడు వేసినంత వేస్తూ కూర్చోకు. వేస్తే పెంచు, లేకపోతే పడేయ్." దీనినే దూకుడు ఆట అంటారు.

ఇందులో నిజం లేదని నేను చెప్పను. ఉన్న నిజాన్ని దాచిపెడితే మీ అబ్బాయి మీ మాట వినడు. మెతకగా ఆడేవాడు గెలవడానికి ఒక్కటే దారి, అతని ముక్కలు అందరికంటే పెద్దవి కావాలి. పెంచేవాడికి రెండు దారులు. ముక్కలు పెద్దవైతే గెలుస్తాడు. చిన్నవైనా, ఎదుటివాళ్ళు భయపడి పడేస్తే అప్పుడూ గెలుస్తాడు. బల్ల మీద వంద రూపాయలు ఉన్నాయనుకోండి. చేతిలో ఏమీ లేకుండా యాభై వేసి బుకాయిస్తే, మూడుసార్లలో ఒక్కసారి ఎదుటివాడు పడేసినా నష్టం లేదు. రెండుసార్లు యాభై చొప్పున వంద పోతుంది, ఒకసారి వంద వస్తుంది. లెక్క సరిపోయింది. కుర్రవాళ్ళకు ఇది ఎంతో తెలివైన ఆటగా తోచేది ఈ లెక్కవల్లే.

కాని ఈ లెక్కలో ఎదుటివాడు భయపడాలి. రెండు రూపాయల బల్ల మీద ఎవరు భయపడతారు? "యాభయ్యే కదా, చూద్దాం" అని చివరిదాకా వేస్తారు. బాగా అనుభవం ఉన్న ఆటగాళ్ళు కూడా చిన్న బల్లల మీద బుకాయించవద్దనీ, మంచి ముక్కలు వచ్చేదాకా ఓపికగా పడేస్తూ ఉండమనీ చెబుతారు. ఓపిక పట్టడానికి ఆటలోకి వచ్చేవాళ్ళు తక్కువ. గంటసేపు పడేస్తూ కూర్చోవడం విసుగు. పెంచడంలో ఉత్సాహం ఉంది.

అప్పుడు కుర్రవాడి మనసులో ఒక ఆలోచన మొదలవుతుంది. "నా ఆట మంచిదే. ఈ చిన్న బల్లల మీద అర్థం చేసుకునేవాళ్ళు లేరు. పది రూపాయల బల్లకు వెళితే నా దూకుడుకు విలువ ఉంటుంది." ఆ తరువాత పాతిక, ఆ తరువాత యాభై. సోదరులారా, ఈ రోజు నేను చెప్పిన వాటిలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. దూకుడుగా ఆడేవాడికి చిన్న పందెం మెట్టులాంటిది. అతను దాని మీద నిలబడి ఉండడు, పై మెట్టు వైపు చూస్తుంటాడు.

రెండు రూపాయలు ఎక్కడికి పోతాయి?

ఒక రూపాయి, రెండు రూపాయల బల్ల తీసుకుందాం. ఆరుగురు ఆడుతున్నారు. ప్రతి ఆటకూ ఒకరు రూపాయి, పక్కవారు రెండు రూపాయలు తప్పనిసరిగా ముందే వేయాలి. ఈ వంతు తిరుగుతూ ఉంటుంది. అంటే ఆరు ఆటలకు ఒకసారి మన చేతి నుంచి మూడు రూపాయలు పోతాయి.

ఇంట్లో నలుగురు కూర్చుని చేత్తో పంచుకుంటే గంటకు పాతిక, ముప్పై ఆటలు సాగుతాయి. ఫోన్‌లో పంచేది యంత్రం. ఒక బల్ల మీద గంటకు డెబ్బై దాకా సాగుతాయి. దూకుడుగా ఆడేవాళ్ళు ఒకేసారి రెండు బల్లలు తెరుస్తారు. గంటకు నూట నలభై అనుకుందాం. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా మూడు గంటలకు 420 ఆటలు. ఒక్క ముక్క కూడా ఆడకుండా, ఉత్తినే పడేస్తూ కూర్చున్నా 210 రూపాయలు పోతాయి. ఇది బల్ల దగ్గర కూర్చున్నందుకు కట్టే అద్దె లాంటిది.

ఇక దూకుడుగా ఒక్క ఆట ఆడితే ఏమవుతుందో చూడండి. మనవాడు రెండు వందలతో కూర్చున్నాడు. మంచి ముక్కలు వచ్చాయి. ఆరు రూపాయలకు పెంచాడు. ఇద్దరు వేశారు. మూడు ముక్కలు తెరిచారు. పద్నాలుగు వేశాడు. ఒకడు పడేశాడు, ఒకడు వేశాడు. నాలుగో ముక్క వచ్చింది. ముప్పై అయిదు వేశాడు. వాడూ వేశాడు. ఇప్పటికి యాభై అయిదు అయింది. చివరి ముక్క పడింది. "ఇంతదాకా వచ్చి వెనక్కి తగ్గితే ఎలా" అని మిగిలిన నూట నలభై అయిదూ ముందుకు తోశాడు. పేరుకు రెండు రూపాయల బల్లే, కాని ఒక్క ఆటలో, ఒక్క నిమిషంలో పణంగా పెట్టింది రెండు వందలు. బల్ల పేరు చూసి పందెం చిన్నదని అనుకోకూడదు.

మంచి ముక్కలుంటే భయమేమిటి అంటారు. పోకర్‌లో మొదటి రెండు ముక్కల్లో అన్నిటికంటే గొప్పది ఆసుల జత. దాని తరువాతది రాజుల జత. ఈ రెండూ ఎదురెదురు పడి, మొదట్లోనే ఉన్నదంతా పెట్టేస్తే, ఆసులు నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాయి. అంటే అందరికంటే గొప్ప ముక్కలు పట్టుకుని, అన్నీ సరిగ్గా ఆడి కూడా నూటికి 18 సార్లు ఉన్నదంతా పోగొట్టుకోవచ్చు. అందుకే ఒక వారం గెలిచినంత మాత్రాన ఆట వచ్చినట్టూ కాదు, ఒక వారం ఓడినంత మాత్రాన రానట్టూ కాదు. తేలాలంటే వేలకు వేల ఆటలు కావాలి. అన్ని ఆటలు ఆడేలోపు జేబు ఆగదు.

ఇవన్నీ కాక ఆట నడిపే కంపెనీకి కమీషను ఉంటుంది. గెలిచిన ప్రతి మొత్తంలోనుంచీ కొంత కోసుకుంటుంది. నూటికి అయిదు అనుకుందాం. బల్ల మీద ఒక్కో ఆటకు సగటున నలభై రూపాయలు పోగైతే కంపెనీకి రెండు రూపాయలు. గంటకు డెబ్బై ఆటలకు నూట నలభై. ఆరుగురూ తెచ్చుకున్నది కలిపి పన్నెండు వందలు. కొత్త డబ్బు తేకుండా ఆడుతూ పోతే తొమ్మిది గంటల్లోపు ఆ పన్నెండు వందలూ కంపెనీ పెట్టెలోకి చేరతాయి. ఆరుగురిలో ఎవరు తెలివైనవాళ్ళన్న ప్రశ్నతో దానికి పని లేదు. పందెం చిన్నదయ్యేకొద్దీ గెలిచేవాడి లాభం కూడా చిన్నదే కాబట్టి, ఈ కమీషను అందులో పెద్ద భాగాన్ని తినేస్తుంది.

మనసు వేడెక్కినప్పుడు

ఇంతవరకు చెప్పింది లెక్క. జబ్బు మొదలయ్యేది లెక్క తప్పిన చోట.

బాగా ఆడి కూడా చివరి ముక్కతో ఓడిపోయినవాడికి ఒళ్ళు మండుతుంది. పోకర్ ఆడేవాళ్ళు ఆ స్థితికి 'టిల్ట్' అని పేరు పెట్టుకున్నారు. మనం "వేడెక్కాడు" అంటాము. గుండె వేగం పెరుగుతుంది, చెవులు వేడెక్కుతాయి, ఆకలి తెలియదు. అప్పటిదాకా లెక్క చూసి పెంచినవాడు ఇప్పుడు కోపంతో పెంచుతాడు. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. చివరికి అతనికే తేడా తెలియదు. "నేను దూకుడుగా ఆడుతున్నాను" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. దూకుడు ఆటలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. అదుపు తప్పిన మనిషికి అది ఒక గౌరవమైన పేరు ఇస్తుంది. తాగుడు అలవాటున్నవాడు తూలితే అందరికీ కనిపిస్తుంది. ఇతను తూలుతున్నాడని ఎవరికీ కనిపించదు.

మన మెదడులో సంతోషాన్నీ ఆశనూ నడిపే ఒక వ్యవస్థ ఉంది. డోపమిన్ అనే రసాయనం అందులో పనిచేస్తుంది. ప్రతిసారీ వచ్చే బహుమతికంటే, ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి ఈ వ్యవస్థను ఎక్కువగా కదిలిస్తుంది. పావురాల మీదా ఎలుకల మీదా జరిపిన ప్రయోగాల్లో కూడా ఇది తేలింది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే పావురం మీటను పొడుస్తూనే ఉంటుంది. కొద్దిలో తప్పిన గెలుపు కూడా మెదడుకు ఓటమిలా కాక, "ఈసారి తప్పకుండా" అన్న పిలుపులా వినిపిస్తుంది. పోకర్‌లో కొద్దిలో తప్పడం గంటకు ఎన్నోసార్లు జరుగుతుంది.

పోయిన చోటే వెతుక్కోవాలని మన పెద్దల మాట. ఆ మాట సూదికి పనికొస్తుంది, పందెంలో పోయిన డబ్బుకు పనికిరాదు. పోయినది రాబట్టుకోవడానికి మళ్ళీ ఆడడం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తులలో ఒకటి.

ఇది జబ్బు అని ఎలా తెలుస్తుంది?

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన జబ్బుల పట్టికలో జూద వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాలతో ఒకే అధ్యాయంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక, 2022 నుంచి అమలులో ఉన్నది, దీనిని వ్యసనపు జబ్బుల్లోనే లెక్కిస్తున్నది. కనుక ఇది పెంపకం లోపం, బుద్ధి లోపం అని సిగ్గుపడనవసరం లేదు. షుగరు ఉన్నవారిని తిట్టి షుగరు తగ్గించలేము కదా.

మీ అబ్బాయి గాని, మీవారు గాని ఇలా అనవచ్చు: "ఇది జూదం కాదు, నైపుణ్యం. కోర్టే చెప్పింది." నిజమే, 1960ల చివర ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులోనే సుప్రీం కోర్టు రమ్మీని ముఖ్యంగా నైపుణ్యపు ఆట అన్నది. పోకర్ గురించి కూడా ఇదే వాదన వినిపిస్తారు. దానితో మీరు వాదించవద్దు. ఆటలో నైపుణ్యం ఉందా లేదా అనేది కోర్టు అడిగే ప్రశ్న. ఈ మనిషి ఆపగలడా లేదా అనేది వైద్యుడు అడిగే ప్రశ్న.

మొదట రెండే ప్రశ్నలు అడగండి.

ఒకటి: ఆడేకొద్దీ ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలని అనిపిస్తోందా?

రెండు: ఎంత ఆడుతున్నదీ ఇంట్లోవాళ్ళ దగ్గర దాచవలసి వచ్చిందా, అబద్ధం చెప్పవలసి వచ్చిందా?

రెండిట్లో ఒక్కదానికి అవును అన్నా వైద్యుని సలహా తీసుకోవడం మంచిది.

అడగకముందే మీకు కనిపించే గుర్తులు కూడా కొన్ని ఉంటాయి.

• ఫోన్ బోర్లా పెట్టడం, బాత్రూములోకి కూడా తీసుకువెళ్ళడం, పాస్‌వర్డు మాటిమాటికీ మార్చడం.
• బ్యాంకు లెక్కలో రెండు వందలు, మూడు వందలు, రెండు వందలు అని ఒకే రాత్రి వరసగా చిన్న చిన్న చెల్లింపులు. పెద్ద మొత్తం ఒక్కటీ కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నెల చివర కూడితే జీతంలో సగం ఉంటుంది.
• లోన్ యాప్‌లనుంచి ఫోన్లు రావడం, స్నేహితుల దగ్గర చేబదుళ్ళు.
• ఇంట్లో బంగారం కనిపించకపోవడం, ఫీజుకని ఇచ్చిన డబ్బు కట్టకపోవడం.
• రాత్రి మేలుకోవడం, పగలు చిరాకు, ఆట ఆపమంటే మితిమీరిన కోపం.

మందులు వాడుతున్నవారి విషయం

ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు, కనుక విడిగా చెబుతున్నాను. పార్కిన్సన్ వ్యాధికి, అంటే చేతులు వణికే జబ్బుకు, ఇచ్చే కొన్ని మందులు డోపమిన్ వ్యవస్థ మీదే పనిచేస్తాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనేవి అలాంటివి. ఇవి వాడే కొందరిలో అంతకుముందు ఏనాడూ లేని జూదపు కోరిక, విపరీతంగా కొనుగోలు చేయాలనే కోరిక పుడతాయి. మానసిక జబ్బులకు వాడే అరిపిప్రజోల్ గురించి కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఇలాంటి హెచ్చరికే చేసింది.

ముక్క ముట్టని తాతగారు, జీవితమంతా పద్దు రాసుకుని బతికిన మాస్టారు డెబ్బై ఏళ్ళ వయసులో ఫోన్‌లో పందెం ఆడుతున్నారంటే నవ్వకండి, తిట్టకండి. ఏ మందు ఎప్పుడు మొదలైందో రాసుకుని వైద్యునికి చెప్పండి. మోతాదు మార్చితే, మందు మార్చితే చాలామందిలో ఆ కోరిక తగ్గుతుంది. అయితే మందును మీ అంతట మీరు ఆపకూడదు. ఆకస్మికంగా ఆపితే వేరే ప్రమాదాలు ఉంటాయి.

కుటుంబసభ్యులు ఏం చేయాలి?

1. నిజం చెప్పడానికి చోటివ్వండి. నలుగురి ముందూ అడగవద్దు. అతను ఓడిపోయి వేడిమీద ఉన్న రాత్రి అసలే అడగవద్దు. మర్నాడు స్థిమితంగా ఉన్నప్పుడు ఒక్కరే కూర్చుని అడగండి. తండ్రి అయితే, "నాన్నా, ఎంత పోయిందో మొత్తం చెప్పు. ఈ రోజు తిట్టను. లెక్క తెలిస్తే దారి వెతుకుదాం" అనండి. భార్య అయితే, "ఏవండీ, తప్పు పట్టడానికి అడగడం లేదు. నాకు భయంగా ఉంది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం" అనండి. మొదటిసారి చెప్పిన లెక్క సాధారణంగా అసలు లెక్క కాదు. సిగ్గుతో సగమే చెబుతారు. ఓపికగా మళ్ళీ అడగండి.

2. అప్పు తీర్చి వదిలేయవద్దు. కన్నవారు మొదట చేసే పని, పొలమో నగో పెట్టి అప్పంతా ఒక్కసారిగా కట్టేసి, "ఇంకెప్పుడూ ఆడనని ఒట్టు వెయ్యి" అనడం. ఒట్టు నిజంగానే వేస్తాడు. కాని ఆ జబ్బున్న మెదడుకు అప్పు తీరడమంటే మళ్ళీ ఆడడానికి దారి దొరకడమే. అప్పుల పట్టిక రాయించండి. వడ్డీ ఎక్కువైనవి ముందు చూడండి. అతని జీతం నుంచే నెలనెలా కొంత కట్టించండి. సొమ్ము అతని చేతికి ఇవ్వకుండా నేరుగా ఇవ్వవలసినవారికే చేర్చండి.

3. డబ్బుకూ చేతికీ మధ్య దూరం పెంచండి. అతని ఒప్పుకోలుతోనే కొన్నాళ్ళు జీతం వేరే ఖాతాలో పడేలా చూడండి. యు.పి.ఐ. రోజు పరిమితిని బ్యాంకులో తగ్గించండి. ఆటల యాప్‌లు తీసేయించి, ఖాతాలు మూసేయించండి. ఆసుపత్రి ఖర్చు కోసం దాచిన డబ్బు ఉన్న ఫోన్ ఈ అలవాటున్నవారి చేతికి ఇచ్చి రాత్రి కాపలా కూర్చోబెట్టకండి. ఇది అనుమానించడం అనుకోకండి. షుగరు ఉన్నవారి ముందు మిఠాయి పెట్టకపోవడం లాంటిదే.

4. ఆ ఖాళీ సమయాన్ని నింపండి. ఆడే గంటలు సాధారణంగా రాత్రి పది తరువాతే. ఆ వేళకు ఫోన్ వేరే గదిలో ఉండాలి, మనిషి పక్కన మనిషి ఉండాలి.

5. చికిత్స చేయించండి. మానసిక వైద్యులు, సైకాలజిస్టులు మాటల ద్వారా చేసే చికిత్సలు దీనికి బాగా పనిచేస్తాయి. ఎప్పుడు ఆడబుద్ధి అవుతోంది, దానికి ముందు ఏం జరిగింది, "ఈసారి వస్తుంది" అన్న ఆలోచన ఎలా పుడుతోంది అన్నవి గమనించడం నేర్పుతారు. దిగులు, నిద్రలేమి, మద్యం కూడా తోడై ఉంటే వాటికీ మందులు ఇస్తారు. మధ్యలో ఒకసారి జారిపడితే అంతా వృథా అయిందని అనుకోకండి. లేచి మళ్ళీ నడవడం కూడా చికిత్సలో భాగమే. 1957లో అమెరికాలో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే పరస్పర సహాయ సంఘాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పోయినవారి బాధ పోయినవారికే తెలుస్తుంది కాబట్టి అక్కడి మాట మనసుకు తగులుతుంది.

6. ప్రాణం మీదికి వచ్చే సూచనలను తేలికగా తీసుకోకండి. "నేను లేకపోతే మీకు అప్పులు ఉండవు", "నా ఇన్సూరెన్సు డబ్బుతో అంతా తీరుతుంది" వంటి మాటలు ఎవరైనా అంటే, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పైగా మనసు తేలికపడుతుంది. అతనిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుల మందు, నిద్ర మాత్రలు తీసి దూరంగా పెట్టండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అర్ధరాత్రి అయినా సరే, ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ సేవ ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

చట్టం సంగతి

కొన్ని కుటుంబాలు పోలీసులంటే భయంతో ఆసుపత్రికి కూడా రావు. అందుకని రెండు మాటలు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నైపుణ్యపు ఆట అయినా, అదృష్టపు ఆట అయినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటను నడపడం, దానికి ప్రకటనలు ఇవ్వడం, దాని డబ్బు చేరవేయడం ఆ చట్టంలో నేరాలు. దేశంలోని పెద్ద కంపెనీలు ఆ నెలలోనే డబ్బు ఆటలు ఆపేశాయి.

చట్టం తలుపు మూసినా కిటికీలు ఉంటాయి. విదేశాలనుంచి నడిచే సైట్లు, స్నేహితుల గుంపుల్లో తిరిగే లింకులు అలాంటివే. అక్కడ మన డబ్బుకు భద్రత లేదు. గెలిచినా ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. మోసపోతే సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫిర్యాదు చేయండి. ఇక అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిచిగన్ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే. అక్కడ చదువుకుంటున్న పిల్లలున్న తల్లిదండ్రులు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అడిగినట్టే, "రాత్రిళ్ళు నిద్రపోతున్నావా, డబ్బుకు ఇబ్బంది ఉందా" అని కూడా అడగండి.

వైద్యుడు మీ దగ్గర పందెం గురించి అడిగేది చికిత్స కోసమే. మందులు సరిగ్గా ఇవ్వాలంటే ఆయనకు నిజం తెలియాలి. దాచవద్దు.

చివరి మాట

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు మన పెద్దలు. రెండు రూపాయల ఆట అని తేలికగా తీసుకోవద్దని చెప్పడమే నా ఉద్దేశం. ఆడిన ప్రతివాడికీ ఈ జబ్బు వస్తుందని నేను భయపెట్టడం లేదు. చాలామంది నాలుగు రోజులు ఆడి మానేస్తారు. మానలేనివాడు ఎవరో ముందుగా చెప్పగలిగే పరీక్ష లేదు. కనుక పందెం ఎంత అని చూడకండి. అబద్ధం మొదలైందా, నిద్ర పోయిందా, పోయినది రాబట్టాలనే పట్టు పెరిగిందా అని చూడండి.

ఈ రాత్రి మళ్ళీ మీరు ఆ బెంచీ మీదే కూర్చుంటారు. పక్కన ఒక కుర్రవాడు ఫోన్‌లోకి వంగి, పెదవి కొరుక్కుంటూ కనిపిస్తే, "బాబూ, మీవాళ్ళు ఎవరు లోపల? ఎలా ఉన్నారు? టీ తాగుదాం రా" అని పిలవండి. ఆటకు ఒక్క పది నిమిషాలు ఎడం వస్తే వేడి చల్లారుతుంది. ఆ పది నిమిషాల్లో అతని తల్లి ఆపరేషన్ డబ్బు మిగలవచ్చు. అది ఏ వైద్యుడూ చేయలేని సహాయం, మీరు చేయగలిగినది.

 మీ మనుషులు త్వరగా కోలుకుని క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకుంటున్నాను.